హై రిస్క్ ప్రెగ్నెన్సీ అనగానే పూర్తి సెలవు: మేలా, చేటా?

మందాకిని:
డాక్టరు చీటీ మీద "హై రిస్క్, రెస్ట్ అవసరం" అని ఉంటుంది. ఆఫీసు వెంటనే సెలవు పెట్టమంటుంది. దీనివల్ల చాలామందికి మేలు కంటే చేటే ఎక్కువని నా వాదన. కవలలు, బీపీ, షుగర్, ప్లాసెంటా ప్రీవియా (మావి కిందికి ఉండి గర్భసంచి నోటిని కప్పేయడం) అన్నిటికీ ఒకటే ముద్ర వేస్తున్నారు. షుగర్ ఉన్నామెకు కావాల్సింది వేళకు భోజనం, తిన్న గంటకో రెండు గంటలకో వేలు గుచ్చి చూసుకునే ఐదు నిమిషాలు, ఇన్సులిన్ తీసుకోవడానికి కాస్త చాటు. అవి ఇవ్వకుండా ఐదో నెలలోనే ఇంటికి పంపితే, కాన్పయ్యాక బిడ్డతో ఉండాల్సిన సెలవు ముందే అయిపోతుంది.

గట్టిమాట:
కుర్చీ ఉద్యోగాలకు సరే. ప్యాకింగ్ లైన్లో షిఫ్టంతా నిలబడేవాళ్లకి, రాత్రి వార్డులో రోగుల్ని లేపి తిప్పే నర్సుకి తేలిక పని ఎక్కడుంది? కాగితం మీద ఇస్తారు, మనుషులు తక్కువైన రోజు మళ్లీ పాత పనికే పిలుస్తారు. ప్లాసెంటా ప్రీవియాలో ఒకసారి రక్తస్రావమైతే మళ్లీ ఎప్పుడవుతుందో చెప్పలేం, చాలాసార్లు నొప్పి కూడా ఉండదు. అలాంటామెకు సెలవే కావాలి, సర్దుబాటు కాదు.

శ్రావణి_ప్రసూతి:
రక్తస్రావం విషయంలో గట్టిమాట గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ మంచం దిగకుండా పడుకుంటే నెలలు నిండకుండా కాన్పు కాదని చెప్పడానికి ఆధారం లేదు. పైగా కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది, కండరాలు, ఎముకలు నీరసిస్తాయి. సర్విక్స్ (గర్భసంచి మెడ) 25 మిల్లీమీటర్ల కన్నా పొట్టిగా ఉంటే ఆదుకునేది ప్రొజెస్టిరాన్ అనే హార్మోను మందు, కొందరికి ఆ మెడకు వేసే కుట్టు. పడక కాదు.

బీపీ 20 వారాల తర్వాత నాలుగు గంటల తేడాతో రెండుసార్లు 140/90 గానీ అంతకు మించి గానీ ఉంటే గట్టి నిఘా మొదలవుతుంది. 160/110 అయితే అప్పటికప్పుడు ఆసుపత్రికే. ఈ రెంటి మధ్య ఉన్నామెకు బీపీ, మూత్రం, రక్తపరీక్షలకు, స్కాన్లకు తరచూ పని మానుకోవాల్సి వస్తుంది. ప్రతిసారీ జీతం కోస్తే ఆమె ఒక విజిట్ ఎగ్గొడుతుంది. నన్ను భయపెట్టేది అది. తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, కుడి డొక్క పైన నొప్పి వస్తే షిఫ్టు అయ్యేదాకా ఆగకూడదని పక్క సీటువాళ్లకైనా తెలియాలి.

జీతాలపద్దు:
దెబ్బ ఎక్కడ పడుతుందో లెక్కల వైపు నుంచి చెబుతాను. ప్రసూతి భృతిని అంతకుముందు నెలల సగటు జీతం మీద కట్టే చోట, రాత్రి షిఫ్టు నుంచి పగటికి మార్చగానే షిఫ్టు అలవెన్సు, ఓవర్‌టైమ్ పోయి సగటు పడిపోతుంది. జీతం లేని సెలవైతే ఇంకా పడుతుంది. రెండోది వార్షిక టార్గెట్. ఆరు నెలలే పనిచేసినా టార్గెట్ పన్నెండు నెలలదే ఉంచేస్తారు, రేటింగ్ తగ్గి ప్రమోషన్ ఏడాది వెనక్కి పోతుంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000 నాటి 183వ ఒప్పందంలో ఐదో అధికరణం చూడండి. వైద్య ధ్రువపత్రం ఇస్తే, గర్భం వల్ల వచ్చిన చిక్కులకే కాదు, చిక్కులు వచ్చే ముప్పుకు కూడా ప్రసూతి సెలవుకు ముందో తర్వాతో సెలవివ్వాలి. అంటే ప్రసూతి సెలవులోంచి కోయకూడదు. అయితే ఆమోదించిన దేశాలకే అది కట్టుబాటు. అందుకే దరఖాస్తులో "గర్భసంబంధ అనారోగ్య సెలవు" అని విడిగా రాయించండి. ఉత్త "సెలవు" అని ఉంటే ఏ ఖాతాలోంచి కోయాలో ఆఫీసే తేల్చేస్తుంది.

గట్టిమాట:
కాంట్రాక్టు మనిషికి ఆ ఖాతాలే ఉండవు. గడువు అయిపోయిందని పంపేస్తే తొలగించారని నిరూపించడం కూడా కష్టం.

మందాకిని:
ఒప్పుకుంటాను, అక్కడ నా వాదన నిలవదు. రికార్డులు నడిచే చోటైనా చీటీ మారాలి. జబ్బు పేరు అక్కర్లేదు. "ఏకబిగిన గంటకు మించి నిలబెట్టరాదు, బరువులు, రాత్రి షిఫ్టు వద్దు, వారానికి రెండు పూటలు పరీక్షలకు వదలాలి, రెండు వారాలకు మళ్లీ సమీక్ష" అని డాక్టరు రాయాలి. చివర ఇంకో వాక్యం: "ఈ మార్పులు వీలుకాకపోతే ఈమె పనికి అనర్హురాలు." అప్పుడు పని మార్చడమో, అనారోగ్య సెలవివ్వడమో యజమానికి తప్పదు. లైను మీదకి మళ్లీ పిలిస్తే చూపించడానికి కాగితం ఉంటుంది.