వీధికుక్కల్ని చూసుకునేవాళ్లను ప్రాణిమిత్ర అవార్డుకి ఎలా పంపాలి?

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. మా వీధిలో కుక్కల్ని పట్టి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కి తీసుకెళ్లే వ్యాన్‌లో ఒకాయన పనిచేస్తారు, అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం. వల వేసేటప్పుడు కూడా కుక్క మెడ నొక్కుకోకుండా చూస్తారు, ఆపరేషన్, రేబిస్ టీకా అయ్యాక చెవి మీద గుర్తుతో ఏ వీధిలో పట్టారో మళ్లీ అక్కడే వదులుతారు, 2023 ఏబీసీ (జంతువుల సంతాన నియంత్రణ) నిబంధనలు చెప్పేదీ అదే. ఆయనకి తోడు మా పక్కింటి టీచరమ్మ. సొంత డబ్బుతో అన్నం వండి పెడుతూ కుక్కల్ని మచ్చిక చేసింది కాబట్టే అవి ఆయన చేతికి దొరుకుతున్నాయి. ఇద్దరినీ జనం తిట్టడమే గానీ ఒక్క మంచి మాట అనగా నేను వినలేదు, అది నాకు చాలా బాధ.

కేంద్ర జంతు సంక్షేమ బోర్డు ఇచ్చే ప్రాణిమిత్ర అవార్డుకి మీలో ఎవరైనా ఎవరి పేరైనా పంపారా? ఏ సంస్థలోనూ లేని టీచరమ్మ లాంటివాళ్ల పనికి రుజువుగా ఏం పెట్టారు, ఫొటోలు, డాక్టరు ఉత్తరం సరిపోతాయా? అది కుదరకపోతే సెప్టెంబర్ 28న, ప్రపంచ రేబిస్ దినం రోజు, కాలనీలోనే సన్మానం చేద్దామనుకుంటున్నాను. శాలువా కాకుండా వాళ్లకి నిజంగా పనికొచ్చేది ఏమివ్వాలి? ఆయనకైతే ముందుజాగ్రత్త రేబిస్ టీకాలు వేయించాలని ఉంది, మీ ఊళ్లో అలా ఎవరైనా చేశారా?