మొదటి హిమాలయ నడకలో సంచి మనమే మోయాలా, కంచరగాడిదకు ఎక్కించాలా?

కొత్తనడక:
సభ్యులందరికీ నమస్కారం. నాకు 34 ఏళ్ళు. హైదరాబాదులో ఉంటాను. గోల్కొండ మెట్లు, తిరుమల కాలినడక తప్ప కొండలెక్కిన అనుభవం లేదు. డిసెంబరు చివరలో మా తమ్ముడితో కలిసి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠకు వెళ్తున్నాను. సాంక్రి గ్రామం నుంచి బయలుదేరి, జూడా కా తాలాబ్ దగ్గర ఒక రాత్రి, శిఖరం కింది మకాంలో మరో రాత్రి ఉండి, ఆ తెల్లవారుజామున సుమారు 12,500 అడుగుల శిఖరం ఎక్కి దిగాలి. అదనంగా డబ్బు కడితే పెద్ద సంచిని కంచరగాడిద మీద తరువాతి మకాంకు చేరుస్తామని నిర్వాహకులు చెప్పారు. మా తమ్ముడు మాత్రం "నీ సంచి నువ్వు మోయలేనప్పుడు రావడం ఎందుకక్కా" అంటున్నాడు. నిన్న సర్ది తూస్తే 11 కిలోల 400 గ్రాములు వచ్చింది. అమ్మ పెట్టిన గోంగూర పచ్చడి సీసా కూడా అందులోనే ఉంది. ఏం చేయమంటారు?

బండరాయి:
మీ తమ్ముడు చెప్పినదే సరైనది. సంచి మోయడం ఈ నడకలో సగం భాగం. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు అందరి మాటా విని సంచిని కంచరగాడిదకు ఎక్కించాను. మధ్యాహ్నం మూడింటికి మకాం చేరేసరికి చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది. నాలుగు దాటగానే ఎండ కొండ వెనక్కి పోయింది. నా ఉన్ని దుస్తులు, దళసరి కోటు, చేతి తొడుగులు అన్నీ సంచిలో ఉన్నాయి, సంచేమో ఏడింటికి గాని రాలేదు. మూడు గంటల పాటు వంట గుడారంలో పొయ్యి పక్కన వణుకుతూ కూర్చున్నాను. అడిగితే, మంచులో జంతువు కాలు జారిందని, అందుకే ఆలస్యమైందని చెప్పారు. మీ వస్తువులు మీ వీపు మీద ఉంటే ఈ సమస్య పుట్టనే పుట్టదు.

మెట్లదారి:
బండరాయి గారూ, అది కంచరగాడిద తప్పు కాదు, సర్దుకోవడంలో మీరు చేసిన పొరపాటు. పెద్ద సంచి ఎవరు మోసినా వెచ్చని కోటు, వానకోటు, రెండు లీటర్ల నీళ్ళు, తలదీపం, మందులు మన దగ్గరుండే చిన్న సంచిలోనే ఉండాలి. ఆ సంగతి పక్కన పెట్టి అసలు ప్రశ్నకు వస్తాను. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి తిరుమల వెళ్ళే భక్తులు కింద సామాను అప్పగిస్తే దేవస్థానం వారు ఉచితంగా పైకి చేరుస్తారు. సంచి మోయలేదు కాబట్టి మొక్కు చెల్లలేదని ఎవరైనా అన్నారా? నడక నడకే.

బండరాయి:
తిరుమలతో పోలిక ఎలా కుదురుతుంది? అక్కడ దారి పొడవునా పైకప్పు, నీళ్ళు, దుకాణాలు ఉంటాయి. కేదార్‌కంఠ దారిలో డిసెంబరులో సీసాలో నీళ్ళే గడ్డకడతాయి.

మెట్లదారి:
పోల్చింది చలిని కాదండీ, సామాను విషయాన్ని.

బండరాయి:
సామాను విషయంలో కూడా కుదరదు. అక్కడ మొక్కు, ఇక్కడ అభ్యాసం.

గోదారిగట్టు:
పచ్చడిని సీసాలో తీసుకెళ్ళకండి. సీసా బరువే పావుకిలో ఉంటుంది, పైగా పగిలితే సంచిలోని బట్టలన్నీ నూనె మయం.

తెల్లకోటు:
వైద్యుడిగా ఒక మాట. 3,000 మీటర్లు దాటిన తరువాత రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదనేది సాధారణ సూత్రం. జూడా కా తాలాబ్ సుమారు 9,100 అడుగులు, శిఖరం కింది మకాం సుమారు 11,200 అడుగులు. అంటే ఒక్క రోజులోనే దాదాపు 650 మీటర్ల తేడా వస్తోంది. మొదటిసారి వెళ్ళేవారు ఆ రోజు ఎంత నెమ్మదిగా, ఎంత తక్కువ శ్రమతో నడిస్తే అంత మంచిది, ఎందుకంటే శ్రమ ఎక్కువైతే ఎత్తు వల్ల వచ్చే జబ్బు ముదిరే అవకాశం పెరుగుతుంది. రోజూ పది కిలోమీటర్లు పరుగెత్తేవారికి కూడా అది వస్తుంది. తలనొప్పితో పాటు వాంతి వచ్చినట్లు ఉంటే పైకి వెళ్ళకూడదు, తగ్గకపోతే కిందికి దిగాలి. ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్ర విషయం మీ వైద్యుణ్ణి అడగండి, సల్ఫా మందులు పడనివారైతే ఆ మాట ముందే చెప్పండి.

మెట్లదారి:
ఇప్పుడు నా సంగతి కూడా చెబుతాను. నేను నా సంచి నేనే మోశాను, అదీ సిగ్గుతో. జట్టులో పదిహేను మందిమి ఉంటే, కంచరగాడిదకు ఇస్తానన్నది నేనొక్కదాన్నే. "టీచరుగారికి గుర్రం కావాలట" అని ఒకాయన నవ్వాడు. దాంతో నేనే భుజాన వేసుకున్నాను. నడుముపట్టీ తుంటి ఎముకల మీద బిగించాలని, బరువులో ఎక్కువ భాగం అక్కడే ఆనాలని నాకు ఎవరూ చెప్పలేదు. రెండు రోజులూ భుజాలతోనే మోశాను, పట్టీల కింద చర్మం ఎర్రగా కమిలిపోయింది. ఎక్కడం ఎలాగో ఎక్కాను. దిగేటప్పుడు ప్రతి అడుగుకూ కుడి మోకాలు సూదితో పొడిచినట్లయింది, జట్టు నన్ను దాటి వెళ్ళిపోయింది. చివరికి నా సంచిని పంతొమ్మిదేళ్ళ స్థానిక కుర్రాడు తన సంచి మీద కట్టుకుని దింపాడు. మోకాలి చికిత్సకు ఏడాది పట్టింది. మోయాలా వద్దా అని ఇక్కడ తీరిగ్గా తేల్చేవారు ఆ కుర్రాడి వీపును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

బండరాయి:
క్షమించాలి, మీ కథ నా వాదననే బలపరుస్తోంది. సాధన లేకుండా వెళ్ళారు కాబట్టే అలా జరిగింది. రెండు నెలల ముందు నుంచి అపార్ట్‌మెంటు మెట్ల మీద ఎనిమిది కిలోల బియ్యం సంచితో ఎక్కి దిగి ఉంటే ఆ బాధ ఉండేది కాదు. ఈ రోజుల్లో డబ్బు కట్టి అన్నీ చేయించుకుని, పైన ఫొటో దిగి, కొండ ఎక్కామని చెప్పుకోవడం అలవాటైపోయింది.

మెట్లదారి:
అయితే సూటిగా అడుగుతున్నాను, సమాధానం చెప్పండి. మీరు పడుకున్న గుడారం ఎవరు మోశారు? గ్యాస్ సిలిండరు, బియ్యం, పప్పు, వంటపాత్రలు ఎవరి వీపు మీద వచ్చాయి? శిఖరం ఎక్కే రోజు పెద్ద సంచిని మకాంలోనే వదిలి అందరూ చిన్న సంచితోనే పైకి వెళ్తారు కదా, మీరు మాత్రం పెద్ద సంచితో ఎక్కారా? ముప్పై కిలోల ఏర్పాట్లు ఇతరులు మోస్తుంటే, మీ వంతు పది కిలోలు మోసి దానికి ఆత్మగౌరవం అని పేరు పెట్టుకుంటున్నారు.

పొగమంచు:
ఇద్దరూ కాస్త శాంతించండి. అడిగినావిడ ఇంకా ఇక్కడే ఉన్నారు.

బండరాయి:
గుడారం మాట ఒప్పుకుంటాను, దానికి నా దగ్గర సమాధానం లేదు. అయినా నా కోపం ఎక్కడిదో చెప్పాలి. మూడేళ్ళ క్రితం నా చిన్ననాటి స్నేహితుడు నా మాట మీద వచ్చాడు. సంచి కంచరగాడిదకు ఇచ్చేస్తాం కదా అని ఒక్క రోజు కూడా సాధన చేయలేదు. శిఖరానికి గంట దూరంలో, మంచులో కూర్చుని ఇక లేవనన్నాడు. వాడిని వదిలి వెళ్ళలేక నేనూ తిరిగి వచ్చాను. శిఖరం అందలేదన్నది నా బాధ కాదు. ఆ చీకట్లో వాడి పెదవులు నీలంగా మారడం చూసి, వాళ్ళ అమ్మగారికి ఏం చెప్పాలా అని ఆలోచించాను. సంచి మోయమని నేను అనేది, తన ఒంట్లో ఎంత శక్తి ఉందో మనిషికి ఇంటి దగ్గరే తెలియాలని. అది తెలియనివారు మొదటిసారే 12,500 అడుగులకు వెళ్ళకూడదు. ముందు ఉత్తరాఖండ్‌లోనే ఉన్న నాగ్‌టిబ్బా కొండకు వెళ్ళవచ్చు, అది పదివేల అడుగుల లోపే.

మెట్లదారి:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే నేను ఇంత రాసేదాన్ని కాదు. సాధన బరువుతో చేయాలి, ఒప్పుకుంటాను. కానీ సాధన చేసిన మనిషి కూడా కొండ మీద సంచి ఇచ్చేయవచ్చు, అందులో తప్పు లేదు. మీరు ఆ రెండింటినీ ఒకటే చేస్తున్నారు.

బండరాయి:
ఇచ్చేస్తామని ముందే తెలిస్తే ఎవరూ సాధన చేయరు. నేను చూసింది అదే.

మెట్లదారి:
మీరు చూసింది ఒక్క స్నేహితుణ్ణి.

కొత్తనడక:
ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి సంచి విప్పి మళ్ళీ సర్దాను. రెండో జత జీన్స్, పెద్ద తువ్వాలు, షాంపూ సీసా, మూడు పుస్తకాలు తీసేశాను. లోపల పెద్ద ప్లాస్టిక్ సంచి పరిచి బట్టలన్నీ అందులో పెట్టాను. ఇప్పుడు నీళ్ళతో కలిపి 8 కిలోల 100 గ్రాములు. వచ్చే శనివారం తిరుపతి వెళ్తున్నాను. అలిపిరిలో సామాను అప్పగించకుండా ఇదే సంచితో పైకి నడుస్తాను. మరునాడు మోకాళ్ళు ఎలా ఉన్నాయో చూసుకుని, కంచరగాడిదకు డబ్బు కట్టాలా వద్దా అన్నది నేనే నిర్ణయించుకుంటాను. తమ్ముడికి కూడా అదే చెప్పాను. వాడి సంచి తూయమంటే 14 కిలోలు వచ్చింది, అప్పటి నుంచి ఏమీ మాట్లాడడం లేదు.

గోదారిగట్టు:
ఆ 8 కిలోల 100 గ్రాములలో పచ్చడి సీసా ఉందా, లేదా?