"మహాకూర్పాసముం దొడ్గితిన్": అది దూది అంగీయేనా?

బసవనగుడి బొంత: టైలరు దగ్గర మిగిలిన జాకెట్టు ముక్కలు సంచెడు తెచ్చుకుని పది రోజులుగా మసిగుడ్డలు కుడుతున్నాను. జానెడు చదరం. పైన ముక్కల అతుకు, మధ్యన పాత దుప్పటి, అడుగున లుంగీ గుడ్డ. మూడూ కలిపి కుడుతున్నంతసేపూ శ్రీనాథుడి చాటువు నోట్లో ఆడుతోంది: "కుళ్లాయుంచితి కోక చుట్టితి మహాకూర్పాసముం దొడిగితిన్". కూర్పాసమంటే దూది పెట్టి కుట్టిన అంగీ అని బళ్ళో మా మాస్టారు చెప్పినట్టు గుర్తు. నిజమేనా? ముక్కలు కూర్చి కుట్టేవారా? ఆ మాటలో నాకు "కూర్పు" వినబడుతోంది.

యతిప్రాస: ముందు పాదం దిద్దుకోండమ్మా. దొడిగితిన్ కాదు, దొడ్గితిన్. శార్దూలంలో అక్కడ తగణం పడాలి. "ముం దొడ్గి" అంటే గురువు, గురువు, లఘువు. "దొడిగి" అన్నారా, వరసగా మూడు లఘువులు పడి నడక విరిగిపోతుంది.

మైలాపూరు చదువరి: మా నాన్నగారు "కోక కట్టితి" అని చదివేవారు. చుట్టడం ఎక్కడిది?

యతిప్రాస: గణానికి రెండూ సరిపోతాయి, కాబట్టి ఛందస్సు తీర్పు చెప్పదు. నా ఓటు చుట్టితికే. ముందు కుళ్లాయి పెట్టాడు, దాని మీద గుడ్డ చుట్టాడు. అంటే అది తలపాగా.

మైలాపూరు చదువరి: ఒప్పుకోను గురువుగారూ. కుళ్లాయి పొడుగాటి టోపీ. తిరుమలలో కృష్ణదేవరాయల విగ్రహం నెత్తిన ఉన్నది అదే. దాని మీద ఇంకేం చుడతారు? కోక నడుముకే. అప్పట్లో కోక మగవాడి బట్ట కూడా. ఆడవాళ్ళ చీర అనే అర్థం మనకు మిగిలింది, అంతే.

కన్నడింటి కోడలు: అక్కా, మా అత్తగారు రవికను కుప్పస అంటారు. కూర్పాసమే కన్నడంలో అలా అయింది. మీరు కుట్టేదానికి మాత్రం ఆవిడ మాట కౌది. ఉత్తర కర్ణాటకలో పాత చీరలన్నీ కౌదిలోకే పోతాయి. ఉత్తర కన్నడ జిల్లాలో సిద్ధి ఆడవాళ్ళు (ఆఫ్రికా మూలాల సముదాయం) కుట్టే బొంత కవంది ఇంకో రకం. అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు. నాలుగు మూలలా చిన్న ముక్కలు మడిచి పెడతారు, వాటి పేరు ఫూల. అవి లేని బొంత వాళ్ళ కంటికి బోసిగా ఉంటుందట. నేను ఒకటి చేత్తో పట్టుకుని చూశాను, కుట్టు కుట్టుకీ మధ్య బియ్యపు గింజంత ఎడం కూడా లేదు.

మైలాపూరు చదువరి: కుప్పస అన్నారు కాబట్టి చెప్తున్నా. మా వీధిలో తమిళం, మలయాళం రెండూ వినబడతాయి. రెండింట్లోనూ కుప్పాయం ఉంది. మన తెలుగులో కుప్పసము, కుబుసము. కుబుసానికి రవిక అనే అర్థమూ ఉంది, పాము విడిచే పొర అనే అర్థమూ ఉంది. మనం పామునే గుర్తుపెట్టుకుని రవికను మరిచిపోయాం. నాకు ఇది బాధగా ఉంటుంది.

యతిప్రాస: కూర్పుతో దానికి చుట్టరికం లేదమ్మా. కూర్పరం అంటే మోచెయ్యి. మోచేతి దాకా వచ్చేది కూర్పాసం. అమరకోశం "చోలః కూర్పాసకో" అని చోలం (రవిక), కూర్పాసకం రెండింటినీ ఒకే చోట చెప్తుంది.

బసవనగుడి బొంత: మోచెయ్యి సరే గురువుగారూ, "మహా" ఎందుకు మరి? మోచేయి దాటని రవిక మహా ఎలా అవుతుంది? దూది కూరితేనే కదా అంత లావయ్యేది.

యతిప్రాస: అది మంచి ప్రశ్న. సంస్కృత-ఇంగ్లీషు నిఘంటువు రాసిన మోనియర్ విలియమ్స్ కూడా దూది పెట్టి కుట్టిన కవచంలాంటి అంగీ అనే అర్థం ఇస్తాడు. కాళిదాసు ఋతుసంహారంలో కూర్పాసకం వచ్చేది చలికాలపు వర్ణనల్లోనే. మెత్త ఉందని నేనూ మొగ్గుతాను. ముక్కల అతుకుకి మాత్రం ఆధారం కనబడదు.

కన్నడింటి కోడలు: నాకైతే అంగీ కంటే "తల్లీ! కన్నడ రాజ్యలక్ష్మి దయ లేదా? నేను శ్రీనాథుడన్" దగ్గరే గొంతు పట్టేస్తుంది. పెళ్ళై ఈ ఊరొచ్చిన కొత్తలో రాగిముద్ద ముందు కూచుని ఆ పాదమే అనుకునేదాన్ని. పరాయి బట్ట తొడిగి, పరాయి అంబలి తాగి, చివరికి తన పేరు ఒక్కటే చెప్పుకున్నాడు.

మైలాపూరు చదువరి: శ్రీనాథుడు వెళ్ళింది విజయనగరం రాజు ప్రౌఢదేవరాయల దగ్గరికి. ఆయన ఏలింది 1424 నుంచి 1446 దాకా. ఆ కొలువు గుమ్మంలో నిలబడి ఎన్నాళ్ళు ఎదురుచూశాడో పాపం. ళ్ల, ల్ల ప్రాస కలిపిన తీరు చూడండి, కుళ్లాయి నుంచి తల్లీ దాకా ఎక్కడా తొట్రుపాటు లేదు.

బసవనగుడి బొంత: నిన్న ఒక మసిగుడ్డ ఉతికితే ఎర్ర ముక్క రంగు దిగి తెల్లదానికి అంటింది. పాదం మాత్రం ఇకనుంచి దొడ్గితిన్ అనే చదువుకుంటాను. కోక సంగతి తేలలేదు.

కన్నడింటి కోడలు: ముక్కల్ని కత్తిరించే ముందే ఉప్పునీళ్ళలో నానబెట్టి ఉతకండక్కా, దిగే రంగు అప్పుడే దిగిపోతుంది. కుట్టుకి పావు అంగుళం వదిలారా? మా అత్తగారు అంతకంటే తక్కువ వదలనివ్వరు, పీలికలు లేస్తాయని.

మైలాపూరు చదువరి: పీలికలా, పేలికలా?