సిజేరియన్ బాలింత రాత్రిపూట పడుకుని పాలిస్తే పట్టు జారిపోతోంది, ఏం చేయాలి?

బాలింతల దగ్గర రాత్రి సాయానికి వెళ్లేవాళ్లు, నర్సులు కాస్త చెప్పండి. ఆపరేషన్ అయి 6వ రోజు. పగలు కూర్చుని, బిడ్డను చంక కింద పట్టుకుని ఇస్తే పట్టు చక్కగా ఉంటోంది. నోరు బాగా తెరుచుకుని, గడ్డం రొమ్ముకు ఆని, కింది పెదవి బయటికి తిరిగి ఉంటోంది. రాత్రి పక్కకు తిరిగి ఇస్తే మాత్రం రెండు నిమిషాలకే బిడ్డ చనుమొన చివరికి జారిపోతోంది. వదిలాక చూస్తే మొన ఒక పక్కకు నొక్కుకుపోయి, కొస తెల్లబడి ఉంటోంది.

తల్లి వీపు వెనక దిండు, మోకాళ్ల మధ్య ఇంకొకటి, బిడ్డ కాళ్లు కుట్లకు తగలకుండా మడతపెట్టిన తువ్వాలు పెట్టాం. బిడ్డ తల కింద ఏమీ లేదు, ముక్కు చనుమొనకు ఎదురుగానే ఉంటోంది.

అనుమానమల్లా పరుపు మీదే. మెత్తగా ఉండి మధ్యలో కుంగుతోంది, తల్లి వెనక్కి ఒరుగుతోంది, దాంతో రొమ్ము బిడ్డకు దూరమవుతోంది. పసిబిడ్డకు మెత్తటి పరుపు ఎలాగూ మంచిది కాదు. నేల మీద బొంత పరుద్దామంటే లేచేటప్పుడు కుట్ల మీద భారం పడుతుంది.

చెక్క మంచం మీద పలచటి బొంత వేసి ఎవరైనా చేయించారా? తల్లిని ఎంత వంపులో పడుకోబెట్టారు? రెండో వైపు ఇవ్వడానికి ఆమెను నొప్పి లేకుండా ఎలా తిప్పారు?

రోజుకు 10 సార్లు తాగుతోంది, 6 గుడ్డలకు తక్కువ కాకుండా తడుపుతోంది. అందుకే డబ్బాపాల సలహా వద్దు, పట్టు గురించే చెప్పండి.