నిర్వచనం గడగడా అప్పజెబుతారు, ప్రశ్న మాత్రం అర్థం కాదు: మీ సబ్జెక్టులో ఏం చేస్తున్నారు?

పత్రహరితం (జీవశాస్త్రం, హైస్కూల్)

పోయిన వారం ఎనిమిదో తరగతికి స్లిప్ టెస్ట్ పెట్టాను. కిరణజన్య సంయోగక్రియ నిర్వచనం 31 మందిలో 26 మంది పొల్లు పోకుండా రాశారు. దాని కిందే ఇంకో ప్రశ్న ఇచ్చాను: "రెండు రోజులు చీకట్లో ఉంచిన మొక్క ఆకులో కొంత భాగానికి నల్ల కాగితం చుట్టి ఎండలో పెట్టారు. ఆ భాగంలో అయోడిన్ పరీక్ష ఫలితం ఎలా ఉంటుంది? ఎందుకు?" నలుగురు రాశారు. మిగతావాళ్ళు ఖాళీ వదిలేశారు. ఒకమ్మాయి మాత్రం "పాస్" అని రాసింది.

మొదట నవ్వొచ్చింది. పిలిచి అడిగితే, "పరీక్షా ఫలితం అంటే పాసా ఫెయిలా అనే కదా టీచర్" అంది. ఆమె చదివిన తెలుగు ప్రకారం ఆ జవాబు తప్పేం కాదు!

నేను ఇన్నేళ్ళుగా బోర్డు మీద పెద్ద పెద్ద మాటలకే అర్థాలు రాస్తున్నాను. "ఫలితం", "పరిశీలన", "ఆధారం", "తద్వారా" లాంటివి వాళ్ళకు వచ్చే ఉంటాయనుకున్నాను. ఇవి ఎవరు నేర్పాలి? స్టాఫ్‌రూమ్‌లో అడిగితే తెలుగు మాస్టారు "అది మీ పాఠం" అన్నారు, నేను "అది మీ భాష" అన్నాను. టీ చల్లారిపోయింది. మీ బడుల్లో ఎలా చేస్తున్నారో చెప్పండి.

---

గోదారి లెక్కలు

మేడం, లెక్కల్లో ఇంకా ఘోరం. ఈ లెక్క చూడండి.

"రవి దగ్గర 12 గోళీలు ఉన్నాయి. ఇవి సలీం దగ్గర ఉన్నవాటి కంటే 5 ఎక్కువ. సలీం దగ్గర ఎన్ని?"

సగం క్లాసు 17 అంటుంది. కారణం నేనే. "ఎక్కువ" కనిపిస్తే కూడండి, "మిగిలినవి" కనిపిస్తే తీసేయండి అని ఎనిమిదేళ్ళు చెప్పాను. పిల్లలు లెక్క చదవడం మానేసి మాట కోసం వెతకడం నేర్చుకున్నారు. తీరిగ్గా ఆలోచిస్తే, చదవక్కర్లేకుండా లెక్క చేసే దారి చూపించింది నేనే కదా అనిపించింది.

ఇప్పుడు అంకెలు చెరిపేసి లెక్క ఇస్తున్నాను. "రవి దగ్గర కొన్ని గోళీలు. అవి సలీం గోళీల కంటే కొన్ని ఎక్కువ." ఎవరి దగ్గర ఎక్కువ ఉన్నాయి? పొడుగు గీత ఎవరిది, పొట్టి గీత ఎవరిది? గీతలు గీశాకే అంకెలు చెబుతాను. అంకెల్లేకపోతే కూడడానికీ తీసేయడానికీ ఏమీ ఉండదు, ఇక చదవక తప్పదు. మొదటి వారం గోల గోల. మూడో వారానికి కుదురుకున్నారు.

ఇంకోటి. వడ్డీ లెక్కల్లో "సంవత్సరానికి 24 శాతం" అంటే బిత్తరపోతారు. "నూటికి రెండు రూపాయలు" అనండి, వెనక బెంచీ వాడు కూడా పదివేలకు ఆరు నెలల వడ్డీ 1,200 అని నోటితో చెప్పేస్తాడు. ఇంట్లో రోజూ వినే లెక్క అది. మన ఊళ్ళలో నూటికి రెండంటే నెలకు, పుస్తకంలో శాతమంటే ఏడాదికి. ఈ రెంటి మధ్య వంతెన కట్టడమే పాఠం, సూత్రం తర్వాత వస్తుంది.

---

వక్రీభవనం బాధితుడు (ఫిజిక్స్)

నా పేరు చూసి నవ్వకండి. "వక్రీభవనం అంటే వంకర బిల్డింగా సార్?" అని అడిగిన రోజు పెట్టుకున్న పేరు ఇది.

ఆ ప్రశ్నతోనే నాకు దారి దొరికింది. ఆ రోజు పాఠం ఆపేసి బోర్డు మీద ద్రవీభవనం, ఘనీభవనం, బాష్పీభవనం, వక్రీభవనం అని వరసగా రాశాను. ఇందులో భవనం అంటే ఇల్లు కాదు, "అవడం" అన్నాను. ద్రవం అవడం, ఘనం అవడం, ఆవిరి అవడం, వంకర అవడం. పది నిమిషాల పని. మూడు చాప్టర్ల భయం పోయింది. సాంద్రీకరణం వచ్చినప్పుడు ఒకడు తనే లేచి "అవడం కాదు సార్, చేయడం" అన్నాడు. వాళ్ళ సోషల్ సార్ అంతకుముందే పట్టణీకరణ చెప్పారట.

నన్ను ఎక్కువ ఏడిపించేవి మామూలు మాటలు. పని, బలం, సామర్థ్యం, వేగం. ఇంట్లో ఒక అర్థం, ఫిజిక్స్‌లో వేరే అర్థం. "మా అమ్మ నెత్తిన గడ్డిమోపుతో గంటసేపు నిలబడితే పని సున్నానా సార్?" అని ఒకడు కోపంగా అడిగాడు. కోపం న్యాయమే, కానీ ఫిజిక్స్‌లో మోపు కదలకపోతే పని సున్నాయే. వడి, వేగం సంగతి సరేసరి. మన నోట్లో రెండూ ఒకటే. పుస్తకంలో మాత్రం వేగానికి దిశ ఉంటుంది, వడికి ఉండదు. అందుకే నోట్సులో పేజీని నిలువుగా మడిచి ఎడమవైపు "ఇంట్లో", కుడివైపు "ఫిజిక్స్‌లో" అని రాయిస్తున్నాను. రెండువైపులా సొంత వాక్యాలే ఉండాలి, గైడు వాక్యం కనిపిస్తే కొట్టేస్తాను.

---

పండితుడు గారు

పత్రహరితం మేడం, మీ స్టాఫ్‌రూమ్ మాస్టారిని నేను కాదు గానీ, ఆయన తరఫున క్షమాపణ చెబుతున్నాను.

మేము పద్యాల్లో సమాసాలు విడగొట్టిస్తాం, విగ్రహవాక్యం రాయిస్తాం, రెండు మార్కులు వేస్తాం. పక్క పీరియడ్‌లో అదే పిల్లవాడి ముందు "కిరణజన్య సంయోగక్రియ" వస్తే అదీ సమాసమే అని ఎవరూ చెప్పరు. కిరణాల వల్ల పుట్టే కలయిక అనే పని, అంతే కదా. ఈ ఏడాది నుంచి సమాసాలకు సగం ఉదాహరణలు సైన్స్, సోషల్ పుస్తకాల నుంచే తీస్తున్నాను. క్షీరదం చెప్పేటప్పుడు జలదం (మేఘం) పక్కన పెడితే చాలు. ఒకటి పాలిచ్చేది, ఇంకోటి నీళ్ళిచ్చేది. సకశేరుకం, అకశేరుకం ముందు ఉన్న "స", "అ" చూపిస్తే సజీవం, అజీవం వాళ్ళే అంటారు.

అయితే ఒక హెచ్చరిక. విడగొట్టడం అన్నిచోట్లా పనిచేయదు. లంబకోణ త్రిభుజంలో కర్ణానికీ చెవికీ పోలిక పెట్టబోతే అభాసుపాలవుతాం. భిన్నంలో హారం మెడలో వేసుకునేది కాదు. విషమబాహు త్రిభుజంలో విషం లేదు. అలాంటిచోట బొమ్మ గీసి చూపించడమే మేలు.

---

ఓరుగల్లు అన్న

మీ అందరి ముచ్చట తెలుగు మీడియం ముచ్చట. మా దగ్గర 2022ల ఇంగ్లిష్ మీడియం వచ్చింది, పుస్తకంల ఒక పేజీ ఇంగ్లిష్, ఒక పేజీ తెలుగు. మా పోరగాళ్ళు రెండు పేజీలూ చదవరు, బొమ్మలు చూస్తరు.

నేను చేసేది చెప్త. ఇద్దరిద్దరు కూసోవాలె. ముందు తెలుగు పేజీల ఒక పేరా ఒకడు పైకి చదవాలె, ఇంకొకడు పుస్తకం మూసి తన మాటల్ల చెప్పాలె. అప్పుడు ఇంగ్లిష్ పేజీ. అండ్ల ఐదు మాటలే వెతకాలె, ఐదు దాటొద్దు. ఫోటోసింథసిస్ దొరికిందనుకో, "ఫోటో అంటే ఎరుకేనా?" అంటే అందరికీ ఎరుకే, సెల్‌ఫోన్ల దిగేది. ఆ ఫోటో అంటే వెలుగు, సింథసిస్ అంటే కలిపి తయారుచేసుడు. పండితుడు గారు చెప్పిన కిరణజన్యమే అది. రెండు భాషల మాటా ఒక్క తీర్గనే కట్టిండ్రని తెల్సినంక పిలగాండ్ల మొహాలు చూడాలె.

---

శెనక్కాయ (అనంతపురం)

అన్నా, పుస్తకం తెలుగు కూడా అందరి తెలుగు కాదు. ద్విదళబీజానికి ఉదాహరణ "వేరుశనగ" అని ఉంది. మా పిల్లోల్లు తెల్లమొహం వేసినారు. శెనక్కాయ అన్నాక, "ఓ, అదా!" అని ఇంటి నుంచి తెచ్చి, ఒలిచి, రెండు బద్దలు విడదీసి చూపించినారు. మీ పక్క పల్లీ అనాల.

---

ఏజెన్సీ బడి (ఉట్నూరు వైపు)

మా పిల్లలు ఇంట్లో గోండి మాట్లాడతారు. వాళ్ళకు తెలుగు రెండో భాష, ఇంగ్లిష్ మూడోది. "జలచక్రం" చెప్పడానికి ముందు నీళ్ళను మీరేమంటారని అడిగాను. "ఏర్" అన్నారు. తెలుగులో ఏరు అంటే పారే నీళ్ళు, వాగు అన్నాను. ఆ ఒక్క మాటతో క్లాసులో గొంతులు లేచాయి. అప్పటినుంచి గోడ మీద మాటల చార్టుకు మూడు వరసలు. గోండి వరస నింపేది పిల్లలే, నాకు రాదు. నేను తప్పు పలికితే వాళ్ళు దిద్దుతారు. వాళ్ళకు బాగా నచ్చేది అదే.

---

పటం చదివేవాడు (సోషల్)

రాజ్యాంగం పాఠం చెబితే రోజూ ఇదే తంతు. "6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు రాజ్యం ఉచిత నిర్బంధ విద్య అందించాలి." ఇది 21ఏ అధికరణ సారం, 2002లో 86వ సవరణతో వచ్చింది. ఒకడు రాజ్యం అంటే రాజుగారిది అనుకుంటాడు. ఇంకొకడు నిర్బంధం అంటే గదిలో పెట్టి తాళం వేయడం అనుకుంటాడు. "బడికి రాకపోతే జైల్లో పెడతారా సార్?" అని అడిగాడు. నిజానికి ఆ బాధ్యత ప్రభుత్వం మీద ఉంది, పిల్లాడి మీద కాదు. ఒక్క మాట తప్పు చదివితే హక్కు కాస్తా శిక్ష అయిపోయింది.

మా బడిలో అందరం కూర్చుని ఒక పని చేశాం, పత్రహరితం గారికి పనికొస్తుందేమో. అన్ని సబ్జెక్టుల ప్రశ్నపత్రాలు ముందేసుకుని, ప్రశ్న చివర వచ్చే క్రియలు మాత్రమే ఏరాం. వివరించండి, పోల్చండి, భేదాలు రాయండి, విశ్లేషించండి, ఊహించండి, వ్యాఖ్యానించండి. పదిహేను కూడా రాలేదు. ఒక్కోదానికి ఏం రాయాలో అందరం ఒకే మాట మీద ఉండాలనుకున్నాం. తమాషా ఏమిటంటే "వ్యాఖ్యానించండి" దగ్గర మాకే గొడవైంది. సొంత అభిప్రాయం రాయాలని నేను, పేరాలో ఉన్నది వివరిస్తే చాలని ఇంకో సార్. మాకే తెగనిది పిల్లలు ఎలా రాస్తారు? చివరికి "పేరా ఏమంటోంది, నువ్వు ఏమంటావు, ఎందుకు" అని మూడు ముక్కలుగా తేల్చాం.

---

బి.ఎడ్ రెండో సంవత్సరం

నమస్కారం సార్, మేడం. మాకు "పాఠ్యప్రణాళిక అంతటా భాష" అని ఒక పేపర్ ఉంది. అందులో కె.డబ్ల్యూ.ఎల్. పట్టిక చదివాం. 1986లో డోనా ఓగల్ ప్రతిపాదించారు. ఏం తెలుసు, ఏం తెలుసుకోవాలి, ఏం తెలుసుకున్నాం అని మూడు గళ్ళు. అసైన్‌మెంట్ అందంగా రాసిచ్చాను. నిజం క్లాసులో పనిచేస్తుందా?

---

వక్రీభవనం బాధితుడు

చేస్తుంది తమ్ముడూ, కానీ పుస్తకంలో రాసినట్టు కాదు. రెండో గడిలో ఏం రాయాలో పిల్లలకు తోచదు. తెలియనిది ఏమిటో తెలిస్తే అడిగేసేవాళ్ళే కదా. అసలు బంగారం మొదటి గడిలో ఉంటుంది, అదీ తప్పుల్లో. "బరువైన రాయి ముందు పడుతుంది" అని రాస్తే వెంటనే దిద్దకు, అలాగే ఉంచు. పాఠం అయ్యాక వాళ్ళ చేతనే కొట్టించు.

---

సిలబస్ ఎక్స్‌ప్రెస్

అందరూ బాగానే చెప్పారు. 45 నిమిషాల పీరియడ్, అందులో హాజరు, యాప్‌లో ఫొటో, గుడ్ల లెక్క. పదో తరగతి రిజల్ట్ తగ్గితే నన్నడుగుతారు, "ఫలితం" అర్థం నేర్పావా అని అడగరు. మాటలు విడగొడుతూ కూర్చుంటే పాఠం ఎప్పుడు అవుతుంది?

---

గోదారి లెక్కలు

సార్, మీ బాధ నిజం. ఆ ఫొటో యాప్ మాకూ ఉంది, సిగ్నల్ కోసం నేను వేపచెట్టు ఎక్కడం ఒక్కటే తక్కువ. కానీ అర్థం కాక మళ్ళీ చెప్పే రెండో పీరియడ్ కూడా లెక్కలో వేసుకోండి. నేను పాఠానికి ఐదు మాటలే తీసుకుంటాను. ఆ పాఠం తర్వాత మళ్ళీ కనిపించని మాట అయితే ఊరికే అర్థం చెప్పి వదిలేస్తాను. పాతిక మాటలకు అర్థాలు రాయిస్తే అది కూడా బట్టీయే.

---

పత్రహరితం

మూడు వారాల తర్వాత మళ్ళీ వచ్చాను. చేసినవీ చెడినవీ చెబుతాను.

పటం గారి క్రియల పట్టిక మా బడిలోనూ తయారైంది. తెలుగు మాస్టారే అందమైన అక్షరాలతో రాశారు, టీ కూడా ఆయనే తెప్పించారు. వక్రీభవనం గారి మడత పేజీ నా సబ్జెక్టులోకి బాగా వచ్చింది. శ్వాస, జాతి, కణం, పోషణ అన్నిటికీ రెండు అర్థాలున్నాయి. అన్న చెప్పిన జతల చదువు మాత్రం కుదరలేదు. చదవడం అసలు రాని ఆరుగురు ప్రతిసారీ "వినేవాళ్ళు"గా మిగిలిపోయారు. వాళ్ళకు విడిగా అక్షరాల నుంచే మొదలుపెట్టాలి. దానికి ఇంకా దారి దొరకలేదు.

అదే ఆకు ప్రశ్న మళ్ళీ ఇచ్చాను, ఈసారి ఆకు నిజంగానే ముందు పెట్టి. 17 మంది రాశారు. "పాస్" అమ్మాయి ఇలా రాసింది: "కాగితం చుట్టిన చోట నీలం రాదు. వెలుగు లేక పిండిపదార్థం తయారు కాలేదు. అందుకని ఆ చోటు ఫెయిల్."

పూర్తి మార్కులు వేశాను.

క్రియల పట్టిక ఫైల్ కింద పెడుతున్నాను, కావలసినవాళ్ళు తీసుకోండి.

---

శెనక్కాయ

మేడం, ఫైల్ తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులే వస్తా ఉండాయి. డీటీపీ వాళ్ళు వాడే అను ఫాంట్‌లో టైప్ చేసినట్టుండారు. అందరి ఫోన్లలో కనబడే యూనికోడ్‌లో పెడతారా?

---

పత్రహరితం

తెలుగు మాస్టారు డీటీపీ సెంటర్లో చేయించారండి. రేపు మళ్ళీ టైప్ చేసి పెడతాను.