మ్యూయాన్ పుంజాన్ని చల్లబరచడానికి ద్రవ హైడ్రోజనే ఎందుకు?

ప్రశ్న (ఎం.ఎస్సీ. విద్యార్థిని, కావలి):
నమస్కారం. శ్రీహరికోట దగ్గరలో ఉండటం వల్ల ద్రవ హైడ్రోజన్ అంటే రాకెట్ ఇంధనమనే వింటూ పెరిగాము. కణ త్వరణ యంత్రాలలో మ్యూయాన్ల (ఎలక్ట్రాన్ లాంటివే అయినా చాలా బరువైన కణాల) పుంజాన్ని చల్లబరచడానికి కూడా దాన్నే వాడతారని ఈమధ్య చదివాను. అంత వేగంగా దూసుకుపోయే కణాలకు మైనస్ 253 డిగ్రీల చలి ఎలా అంటుతుంది? చలే కావాలనుకుంటే మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియం ఉంది కదా?

జవాబు (విశ్రాంత అధ్యాపకుడు, ఒంగోలు):
అమ్మా, ఆ చలి పుంజానికి అంటనే అంటదు. పుంజం వేడిగా ఉందంటే, అందులోని కణాలు ముందుకు సాగుతూనే పక్కలకు కూడా చెదిరిపోతున్నాయని అర్థం. ద్రవ హైడ్రోజన్ గుండా వెళ్లే మ్యూయాన్లు, దాని పరమాణువులలోని ఎలక్ట్రాన్లను ఊడగొడుతూ ముందు దిశలోనూ పక్క దిశల్లోనూ ద్రవ్యవేగాన్ని కోల్పోతాయి. ఆ తరువాత వచ్చే రేడియో పౌనఃపున్య కుహరాలు, అంటే విద్యుత్ క్షేత్రంతో కణాలను ముందుకు తోసే లోహపు గదులు, ముందు దిశలో పోయినదాన్ని మాత్రమే తిరిగి ఇస్తాయి. ఇలా పదేపదే జరిగితే పుంజం సన్నబడుతుంది.

చిక్కల్లా కేంద్రకాలతోనే. అవి మ్యూయాన్లను చెదరగొట్టి, వచ్చిన లాభంలో కొంత తినేస్తాయి. కేంద్రకంలో ఆవేశం పెరిగేకొద్దీ ఈ నష్టం పెరుగుతుంది కనుక, ఒక్క ప్రోటాన్ ఉన్న హైడ్రోజన్‌కు సాటి లేదు. హీలియం ఎంత చల్లనిదైనా దాని తరువాతిదే. మామూలు ఒత్తిడిలో వాయువుగా ఉంచితే వందల మీటర్ల పొడవు కావాలి కాబట్టే హైడ్రోజన్‌ను ద్రవంగా మారుస్తారు. మ్యూయాన్ సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లే కావడంతో నెమ్మదిగా పనిచేసే ఇతర పద్ధతులకు ఇక్కడ చోటు లేదు.

బ్రిటన్‌లోని రూథర్‌ఫర్డ్ ఆపిల్టన్ ప్రయోగశాలలో జరిగిన మైస్ ప్రయోగం, 35 సెంటీమీటర్ల పొడవున్న ద్రవ హైడ్రోజన్ పాత్రను దాటిన పుంజం నడిమి భాగంలో మ్యూయాన్ల సాంద్రత పెరిగిందని 2020లో చూపింది. ఆ దారిలో ఒక్కో మ్యూయాన్ కోల్పోయేది సుమారు 10 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి. పోయిన ద్రవ్యవేగాన్ని తిరిగి ఇచ్చే కుహరాలు ఆ ప్రయోగంలో లేవు. నా దృష్టిలో అది సగం దారి.

జవాబు (క్రయోజెనిక్ పైపులైన్ల విశ్రాంత టెక్నీషియన్, నెల్లూరు):
మాస్టారు చెప్పినదానికి పని వైపు నుంచి ఒక మాట. పాత్ర గోడ కూడా మ్యూయాన్లను చెదరగొడుతుంది కాబట్టి, పుంజం దాటే చోట మిల్లీమీటరు కూడా లేని పలుచని అల్యూమినియం రేకు పెట్టవలసి వస్తుంది. ఆ చలిలో నత్రజని, ఆక్సిజన్ రెండూ గడ్డకడతాయి. సన్నని కారుడు ద్వారా లోపలికి చేరిన గాలి పాత్రకు మంచులా అంటుకుని, వేడెక్కగానే హైడ్రోజన్ పక్కనే ఆక్సిజన్‌ను వదులుతుంది. ఒక లీటరు ద్రవం గది వేడికి 800 లీటర్లకు పైగా వాయువవుతుంది గనుక, వదిలే గొట్టం ఇరుకుగా ఉండకూడదు.

ప్రశ్నకర్త:
ఇంత ప్రమాదం ఉన్నప్పుడు ఘనపదార్థం వాడకూడదా, మాస్టారూ?

జవాబు (ఒంగోలు):
వాడారమ్మా. అదే ప్రయోగంలో లిథియం హైడ్రైడ్ (లిథియం, హైడ్రోజన్ కలిసిన ఘనపదార్థం) బిళ్లను కూడా పరీక్షించారు. పుంజం ఇంకా లావుగా ఉన్న తొలి దశలకు అది చాలు. బాగా సన్నబడిన తరువాత లిథియం కేంద్రకాల చెదరగొట్టుడే ఎక్కువవుతుంది, అక్కడ హైడ్రోజన్ తప్పదు.