ఆడకుక్క రొమ్ము గడ్డకి పసుపు, బిళ్ళగన్నేరు కషాయం: ఇవ్వాలా, కోయించాలా?

కోనసీమ కొబ్బరాకు: పొమేరియన్, ఆడది, 9 ఏళ్ళు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. ఎడమవైపు నాలుగో చన్ను కింద శనగగింజంత గడ్డ తగులుతోంది. పసుపు, మిరియాలు, బిళ్ళగన్నేరు ఆకు కాచి పొయ్యమంటున్నారు. మీరేమంటారు?

కడియం మొక్కలోడు: ముందు కషాయం చూడండి, కోత ఎక్కడికీ పోదు. పసుపులో కర్కుమిన్, అశ్వగంధలో వితఫెరిన్, నల్లజీలకర్రలో థైమోక్వినోన్, ఇవన్నీ ల్యాబ్‌లో క్యాన్సర్ కణాల్ని చంపినవే.

భీమవరం పశువైద్యం: ల్యాబ్‌లో మందు నేరుగా కణాల మీదే పోస్తారండి. ఇక్కడ నోట్లో పొయ్యాలి. చెంచా పసుపు 3 గ్రాములు అనుకోండి. కర్కుమిన్ 3 శాతం చొప్పున 90 మిల్లీగ్రాములు. చాలా భాగం మలంలో పోతుంది. రక్తంలోకి ఎక్కిన కాస్తనీ పేగుగోడ, కాలేయం వెంటనే మార్చేసి బయటికి తోసేస్తాయి.

కడియం మొక్కలోడు: మిరియాలు వేసేది అందుకే కదా!

భీమవరం పశువైద్యం: మిరియంలో పైపరిన్ ఆ కాలేయం పనినే నెమ్మది చేస్తుంది. ఫిట్స్ మందు వాడే కుక్క అయితే ఆ మందు కూడా ఒంట్లో పేరుకోవచ్చు.

పాలకొల్లు పాప: ఇంతకీ మిరియాలు ఎన్ని వెయ్యాలండీ?

రావులపాలెం రాజు: మా వీధి కుక్కకి బిళ్ళగన్నేరు మందే ఇంజెక్షన్లు వేశారు, గడ్డ కరిగిపోయింది. అంతకుముందు వెళ్ళినచోట డబ్బులు గుంజుకుని అది ఏం గడ్డో కూడా చెప్పలేదు. ఆ కోపం ఇంకా పోలేదు నాకు.

భీమవరం పశువైద్యం: గడ్డ ఎక్కడుంది?

రావులపాలెం రాజు: తోక కింద, మానం దగ్గర. కాలీఫ్లవర్ పువ్వులా, నెత్తురు కారుతూ.

భీమవరం పశువైద్యం: అయితే అది టీవీటీ. దాటినప్పుడు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే గడ్డ. రొమ్ము గడ్డతో దానికి సంబంధం లేదు. దానికి బిళ్ళగన్నేరు నుంచి తీసే విన్‌క్రిస్టిన్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది: చదరపు మీటరుకి 0.5 నుంచి 0.7 మి.గ్రా., వారానికోసారి, 4 నుంచి 6 వారాలు. పది కిలోల కుక్క ఒంటి వైశాల్యం 0.46 చదరపు మీటర్లు, అంటే డోసు 0.23 నుంచి 0.32 మి.గ్రా. ప్రతి డోసుకీ ముందు తెల్లకణాలు చూడాలి. మందు నరం దాటి చర్మం కిందికి కారితే అక్కడ కండ కుళ్ళుతుంది. ఇంత జాగ్రత్తగా కొలిచే మందుని గుప్పెడు ఆకు కాచి ఎలా కొలుస్తారు? ఎండాకు టన్నుల్లో తీస్తే అది గ్రాముల్లో వస్తుంది. కషాయంలో దిగే మిగతా ఆల్కలాయిడ్లతో వాంతులు పట్టుకుంటాయి, బీపీ పడిపోతుంది.

కడియం మొక్కలోడు: మొక్క వద్దంటూనే మొక్క మందే పొడుస్తారు! పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందు కూడా యూ చెట్టు బెరడులోదే. 2014లో అమెరికాలో కుక్కల రొమ్ము క్యాన్సర్‌కి అనుమతి ఇచ్చారు కదా.

భీమవరం పశువైద్యం: షరతులతో ఇచ్చారు, అదీ కోసి తియ్యలేనివాటికి. 2017లో అదీ పోయింది. మనుషులకిచ్చే మామూలు పాక్లిటాక్సెల్‌లో మందు కరగడానికి కలిపే క్రెమోఫోర్ కుక్కలకి పడదు, తీవ్రమైన ఎలర్జీ వస్తుంది.

కడియం మొక్కలోడు: కషాయంతో తగ్గినవి నేను చూశానండి.

భీమవరం పశువైద్యం: హీట్‌కి వచ్చి రెండు నెలలైందా? చన్నులన్నీ ఉబ్బాయా, నొక్కితే పాలు వచ్చాయా? అది అబద్ధపు గర్భం. ఏమీ ఇవ్వకపోయినా రెండు మూడు వారాల్లో తగ్గేది. పేరు కషాయానికి వచ్చింది.

కడియం మొక్కలోడు: ఆయ్, అన్నీ మీకే తెలుసు! కోసిన గడ్డ పరీక్షకి పంపకుండా బకెట్లో పారేసేదెవరు? 12 ఏళ్ళ కుక్కకి ఒక పక్క వరసంతా ఒలిచి కుట్లేసి ఇంటికి పంపితే, ఈ వానాకాలం చెమ్మకి కుట్లు చీముపడితే, రోజూ కట్టు మార్చేదెవరు? నేను చెప్పేది అలాంటి కుక్కల గురించి.

భీమవరం పశువైద్యం: ఆ మాట మొదటే అనాల్సింది. బకెట్ విషయంలో మీ కోపం న్యాయమే. గడ్డని దానికి పదింతల ఫార్మలిన్‌లో, 10 శాతంది, వేసి పంపించమని యజమానే పట్టుబట్టాలి. ఊపిరితిత్తులకి పాకినా, రొమ్మంతా ఎర్రబడి వేడిగా గట్టిపడే రకమైనా నేనూ కత్తి పట్టను. నొప్పి మందు, పుండు కడగడం, ఈగ వాలకుండా చూడడం, అంతే. కానీ ఇక్కడ అడిగింది శనగగింజంత గడ్డ. 3 సెంటీమీటర్ల లోపు తీసేస్తే బతికే అవకాశం బాగా ఎక్కువ. వీటిలో దాదాపు సగం చెడ్డవి కావు, కాకపోతే ఏది ఏదో చేత్తో తడిమి తేల్చలేం. కషాయం పేరుతో మూడు నెలలు గడిపితే ఆ గడ్డ 3 సెంటీమీటర్లు దాటొచ్చు.

కడియం మొక్కలోడు: 12 ఏళ్ళదానికి ఎక్స్‌రే శుభ్రంగా ఉంటే?

భీమవరం పశువైద్యం: గుండె, కిడ్నీ చూసుకుని కోస్తాను.

కడియం మొక్కలోడు: నేనైతే కొయ్యనివ్వను.

కోనసీమ కొబ్బరాకు: మాది 9 ఏళ్ళే కదండీ. ఎక్స్‌రే ఎన్ని తియ్యాలి?

భీమవరం పశువైద్యం: ఛాతీకి మూడు: కుడి పక్క, ఎడమ పక్క, వెల్లకిలా. ఒకటే తీస్తే చిన్న మచ్చలు తప్పిపోతాయి. పదిచన్నులూ, చంకా, గజ్జా తడిమి చూడమనండి, రెండో గడ్డ ఉండొచ్చు. పసుపు కషాయం ఇప్పటికే మొదలెట్టి ఉంటే కోతకి వారం పది రోజుల ముందే ఆపండి, నెత్తురు గడ్డకట్టడం ఆలస్యం కావచ్చు.

పాలకొల్లు పాప: అన్నంలో చిటికెడు పసుపు కూడా వద్దా?

భీమవరం పశువైద్యం: చిటికెడుతో చెడేమీ లేదు. గడ్డకి మంచీ లేదు.